ఇంటి కిరాయి రిటర్నులో ఎలా చూపాలి: ఏనుగొండ చెల్లెమ్మ ప్రశ్నకు నా సమాధానం

ప్రశ్న క్లుప్తంగా ఇది. మహబూబ్‌నగర్ ఏనుగొండలో నాన్న కట్టించిన ఇల్లు. కింద అమ్మ, ఈ చెల్లెమ్మ ఉంటారు, ముందు ఒక మడిగె (దుకాణం గది) ఉంది. పైన రెండు పోర్షన్లు. నాన్న పోయి మూడేళ్లయింది, వీలునామా రాయలేదు. తమ్ముడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కిరాయిలు వసూలు చేసేది, నల్లా, మోటారు, రిపేర్లు చూసేది అంతా ఆమే. పెద్ద పోర్షన్‌లో ఉన్నాయన పోలేపల్లి సెజ్‌లో పని చేస్తాడు. ఆఫీసులో ఇవ్వాలని పాన్ నంబర్ అడిగితే ఇచ్చేసింది, అప్పటి నుంచి టెన్షన్. ఇన్నాళ్లూ జీతం మాత్రమే చూపించి ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్ను వేసింది. ఈసారి చిన్న పోర్షన్ రెండు నెలలు ఖాళీగా ఉంది, అప్పుడే పెయింటింగ్‌కు 38,000 అయ్యాయి, బోరు మోటారు కాలిపోతే ఇంకో ఖర్చు. ఇవన్నీ తీసేసి చూపించవచ్చా? దేవరకద్ర దగ్గర రెండెకరాల కౌలు ఏడాదికి 24,000 వస్తుంది, అదీ రాయాలా?

చెల్లెమ్మా, నేను ఈ ఊర్లోనే 24 ఏళ్లుగా రిటర్నులు నింపుతున్నాను. మాకూ రెండు పోర్షన్లు కిరాయికి ఉన్నాయి. కాబట్టి మోటారు కాలిపోయిన మే నెల ఎలా ఉంటుందో నాకు తెలుసు. మీ లెక్క చివరిదాకా వేసి చూపిస్తాను. ముందే ఒక మాట: భయపడేంత పన్ను మీకు ఇందులో లేదు. కానీ మీరు అడగని ఒక విషయం ఉంది, అసలు పొరపాటు అక్కడ జరుగుతుంది.

అది ఈ కిరాయి ఎవరిది అన్నది. మీ ఫోన్‌పేలో పడుతోంది కాబట్టి మీదే అనుకుంటున్నారు. ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం వసూలు చేసినవాళ్లను చూడదు, యజమాని ఎవరని చూస్తుంది. నాన్న సొంతంగా సంపాదించి కట్టిన ఇల్లు, వీలునామా లేదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకు, మీకు, తమ్ముడికి సమాన వాటా. నాయనమ్మ బతికి ఉంటే ఆమెకూ సమాన వాటా ఉంటుంది, మీరు రాయలేదు కాబట్టి ముగ్గురే అనుకుంటున్నాను. మొత్తం కిరాయిని మీ రిటర్నులో చూపడం తప్పు. మీరు మూడో వంతు చూపి మిగతా ఇద్దరూ ఏమీ చూపకపోవడమూ తప్పే. మునిసిపల్ రికార్డులో పేరు మార్పించారా? రసీదు మీద ఇంకా నాన్న పేరే వస్తుంటే మ్యుటేషన్‌కు దరఖాస్తు పెట్టండి. అది లేకపోయినా వాటాలు వాటాలే, కానీ ఎప్పుడైనా అధికారి అడిగితే కాగితం చేతిలో ఉండాలి.

ఇప్పుడు రిపేర్ల సంగతి. ఇల్లు స్వయంగా చూసుకునేవాళ్లందరికీ బాధ కలిగించే చోటు ఇదే. 38,000 పెయింటింగ్, మోటారు, ప్లంబర్, టు-లెట్ బోర్డు, బ్రోకర్‌కు ఇచ్చింది, మీరు స్కూటీ మీద తిరిగిన పెట్రోలు, ఇవేవీ విడివిడిగా తీసేయడానికి లేదు. చట్టం వీటన్నిటికీ కలిపి ఒకే లెక్క పెట్టింది. వచ్చిన కిరాయిలోంచి మీరు కట్టిన ఇంటి పన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం తగ్గిస్తారు. ఆ ఏడాది మీకు లక్ష ఖర్చయినా అంతే, ఒక్క రూపాయి కాకపోయినా అంతే. బిల్లు చూపనక్కర్లేదు. చాలామంది సిమెంటు బిల్లులు, ఎలక్ట్రీషియన్ చీటీలు పట్టుకుని నా దగ్గరికి వస్తారు. తిరిగి ఇచ్చేసి, ఇల్లు పెంచిన బిల్లులు మాత్రం దాచిపెట్టుకోండి అంటాను. పైన ఇంకో గది వేసినా, కొత్త స్లాబ్ పోసినా అది ఇల్లు అమ్మిననాడు క్యాపిటల్ గెయిన్స్ (అమ్మకం మీద లాభం) లెక్కలో పనికొస్తుంది. రంగులు, రిపేర్లు పనికిరావు.

కొందరు ఇంకో దారి చెప్తారు: పని అంతా మీరే చేసుకుంటున్నారు కదా, దీన్ని వ్యాపారంగా చూపించి ఖర్చులన్నీ రాసుకోండి అని. వినకండి. నివాస ఇంటి కిరాయిని వ్యాపార ఆదాయంగా చూపకూడదని 2024 ఫైనాన్స్ చట్టంలో స్పష్టంగా రాశారు. 2025-26 అసెస్‌మెంట్ ఇయర్ నుంచే, అంటే 2024-25 ఆర్థిక సంవత్సరం ఆదాయం నుంచే అమలులో ఉంది. మీ మడిగె కిరాయి కూడా ఇంటి ఆస్తి ఆదాయం కిందికే వస్తుంది. అది భవనంలో భాగం, అందులో వ్యాపారం చేసేది మీరు కాదు.

ఇంటి పన్ను గురించి కాస్త నిదానంగా చదవండి. దీన్ని తీసేయడానికి రెండు షరతులు. యజమాని కట్టి ఉండాలి, ఆ ఆర్థిక సంవత్సరంలోనే కట్టి ఉండాలి. మడిగె వాళ్లు ఒప్పందం ప్రకారం తామే కడుతుంటే మీకు అది రాదు. నాకు జరిగింది చెప్తాను. ఒక ఏడాది మార్చి నెలాఖరులో కడదామనుకుంటూ పనుల్లో పడి ఏప్రిల్ 3న కట్టాను. ఆ ఏడాది నా లెక్కలో ఇంటి పన్ను సున్నా. తర్వాతి ఏడాది రెండూ కలిసి వచ్చాయి. పాత బకాయిలు ఒకేసారి కట్టినా కట్టిన ఏడాదిలోనే మొత్తం తీసేసుకోవచ్చు, అందుకని ఆ పైసలు పోవు. కానీ రసీదు తేదీయే లెక్క. ఏప్రిల్ 30లోపు ఆ ఏడాది పన్ను మొత్తం కట్టేస్తే మన మునిసిపాలిటీల్లో 5 శాతం తగ్గింపు ఇస్తారు. నేను ఇప్పుడు ఏటా ఏప్రిల్‌లోనే కట్టేస్తున్నాను, పీటీఐఎన్ (ఇంటి పన్ను గుర్తింపు) నంబర్ కొట్టి ఆన్‌లైన్‌లో కట్టి రసీదు ప్రింటు తీసి ఫైల్లో పెడతాను.

మీ ఇంట్లో కింద మీరుంటున్న భాగానికి పడే ఇంటి పన్ను మాత్రం కిరాయి లెక్కలోకి రాదు. ఆ భాగం సొంత నివాసం, దాని విలువ సున్నా. మొత్తం పన్నును చదరపు అడుగుల ప్రకారం పంచండి. మీరు రాసిన కొలతల ప్రకారం ఏడాది పన్ను 12,000లో మీరుండే భాగానికి 4,000, పై పోర్షన్లకు 5,500, మడిగెకు 2,500 వేశాను.

ఇక 2025-26 ఆర్థిక సంవత్సరం లెక్క. పెద్ద పోర్షన్ నెలకు 9,000 చొప్పున 12 నెలలకు 1,08,000. చిన్న పోర్షన్ 6,500 చొప్పున 10 నెలలకు 65,000. ఖాళీగా ఉన్న రెండు నెలలకు లేని కిరాయి ఊహించుకుని రాయనక్కర్లేదు. కిరాయికిచ్చే ఇల్లు కొన్నాళ్లు ఖాళీగా ఉండి ఆ కారణంగా తక్కువ వస్తే, వచ్చినంతే చూపాలి. మడిగె 7,000 చొప్పున 84,000. మొత్తం 2,57,000. కిరాయికిచ్చిన భాగాల ఇంటి పన్ను 8,000 తీసేస్తే 2,49,000. ఇందులో 30 శాతం 74,700 తగ్గిస్తే 1,74,300. ముగ్గురికీ పంచితే ఒక్కొక్కరికి 58,100. మీ రిటర్నులో కిరాయి ఆదాయం ఇదే.

మీ జీతం ఏడాదికి 8,40,000 అన్నారు. కొత్త పద్ధతిలో (న్యూ ట్యాక్స్ రెజీమ్) జీతం మీద ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోగా 7,65,000. దానికి 58,100 కలిపితే 8,23,100. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల వరకు రిబేటు (పన్ను మాఫీ) ఉంది కాబట్టి మీరు కట్టాల్సింది సున్నా. పాన్ ఇచ్చినందుకు ఇన్ని రోజులు నిద్ర పోగొట్టుకున్నారు.

అమ్మగారికి ఫ్యామిలీ పెన్షన్ నెలకు 18,000, ఏడాదికి 2,16,000. దాంట్లో మూడో వంతు లేదా 25,000, ఏది తక్కువైతే అది కొత్త పద్ధతిలో తగ్గుతుంది. 1,91,000కు వాటా కిరాయి 58,100 కలిపినా 2,49,100. 4 లక్షల లోపే, పన్ను లేదు. రిటర్ను వేయడం తప్పనిసరి కూడా కాదు, కానీ వేయించండి. రేపు ఆమె పేరు మీద ఏదైనా డబ్బు గురించి ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఆధారం ఉంటుంది.

పన్ను పడేది తమ్ముడికి. ఆయన జీతం 14,25,000 అనుకుంటే 75,000 పోగా 13,50,000. 12 నుంచి 16 లక్షల మధ్య 15 శాతం, దాని మీద 4 శాతం సెస్సు. 58,100 మీద దాదాపు 9,064 రూపాయలు. కంపెనీ జీతం మీద పన్ను సరిగ్గా కోసి ఉంటే ఇది 10,000 లోపే కాబట్టి అడ్వాన్స్ ట్యాక్స్ కట్టలేదన్న వడ్డీ పడదు. రిటర్ను వేసేటప్పుడు కడితే చాలు. వచ్చే ఏడాది నుంచి కంపెనీకే ఈ ఆదాయం ముందుగా చెప్తే వాళ్లే నెలనెలా కోసుకుంటారు.

ఆయన చేతికి కిరాయి రావట్లేదు కదా అని మీరు అడుగుతారు. అవును, వాటా చేతికి రాకపోయినా వాటాదారుకే పన్ను. "నాకొద్దు, అక్క తీసుకోనీ" అని నోటితో అంటే చెల్లదు. వాటా వదులుకోవాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిలీజ్ డీడ్ రాసి రిజిస్టర్ చేయాలి. ఇక్కడ నా సొంత అభిప్రాయం చెప్తాను, తప్పుగా అనుకోకండి. మీరిద్దరూ అమ్మకు రాసిచ్చేస్తే కిరాయి మొత్తం ఆమె లెక్కలోకి పోయి ఎవరికీ పన్ను లేకుండా పోతుంది, లెక్క అలాగే వస్తుంది. ఈ సలహా మీకు ఇంకెవరైనా ఇవ్వవచ్చు. ఏడాదికి 9,000 పన్ను కోసం ఇంటి మీద హక్కు రాసిచ్చేయకండి. ముఖ్యంగా మీరు. ఆడపిల్లలు పన్ను తగ్గుతుందన్న మాట మీద సంతకాలు పెట్టి, తర్వాత ఆ ఇంటి గుమ్మం ఎక్కడానికి కూడా ఇబ్బంది పడిన కుటుంబాలను నేను ఈ జిల్లాలోనే చూశాను. తమ్ముడికి ఆయన వాటా కిరాయి పంపండి, పన్ను ఆయన కడతాడు. లేదా ఆ పన్ను మొత్తం కిరాయిలోంచి ఇచ్చేయండి. అది శుభ్రమైన దారి.

ఫారం విషయానికి వస్తే మీది ఐటీఆర్-2. ఒకే కప్పు కింద ఉన్నా కింద సొంత నివాసం, పైన రెండు పోర్షన్లు, మడిగె, ఇవన్నీ విడివిడి భాగాలు. హౌస్ ప్రాపర్టీ షెడ్యూల్‌లో ఒక్కోదాన్ని విడిగా చేర్చండి. ఇక్కడ ఒక గుంత ఉంది, చదువుకున్నవాళ్లు కూడా పడతారు. సహ యజమానులు ఉన్నారా అని అడిగినచోట అవును పెట్టి, మీ వాటా 33.33 శాతం అని, అమ్మ, తమ్ముడి పేర్లు, పాన్ నంబర్లు రాస్తారు. ఆ తర్వాత కిరాయి గడిలో మొత్తం కిరాయి రాయాలి. మీ వాటా ఎంతో ఫారమే లెక్క కడుతుంది. మీరు ముందే మూడుతో భాగించి 36,000 అని రాస్తే ఫారం దాన్ని మళ్లీ మూడుతో భాగిస్తుంది, 12,000 చూపిస్తుంది. అలా తొమ్మిదో వంతు మాత్రమే చూపించిన రిటర్ను పోయిన జులైలో నా దగ్గరికి సవరణకు వచ్చింది. ఇంటి పన్ను గడి కూడా అంతే, మొత్తం రాయాలి. లోన్ వడ్డీ గడిలో మాత్రం మీ వాటా వడ్డీయే రాయాలి.

లోన్ మీకు లేదు కానీ ఇది చదివే చాలామందికి ఉంటుంది. కిరాయికిచ్చిన ఇల్లు కట్టడానికి తీసుకున్న అప్పు వడ్డీకి పరిమితి లేదు, 30 శాతం తగ్గించాక మిగిలినదాంట్లోంచి తీసేయవచ్చు. అయితే కొత్త పద్ధతిలో వడ్డీ కిరాయిని మించిపోతే ఆ నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోలేరు. పాత పద్ధతిలో 2 లక్షల వరకు తగ్గుతుంది. బ్యాంకు కాకుండా తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టినా వడ్డీ చెల్లుతుంది, కానీ ఆధారం కావాలి. నోటు ఉండాలి, డబ్బు బ్యాంకు ద్వారా రావాలి. 20,000 లేదా అంతకు మించి నగదుగా అప్పు తీసుకోవడమే చట్ట విరుద్ధం, దానికి పెనాల్టీ కూడా ఉంది.

పోలేపల్లి ఆయన పాన్ ఎందుకు అడిగాడో ఇప్పుడు చూడండి. ఏడాది కిరాయి లక్ష దాటితే హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం) మినహాయింపు కోసం ఇంటి యజమాని పాన్ కంపెనీకి ఇవ్వాలి. కంపెనీ దాన్ని టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) లెక్కలతో పాటు డిపార్ట్‌మెంట్‌కు పంపుతుంది. నెలకు 8,333 దాటితేనే పాన్ అవసరమని తెలిసి కొందరు యజమానులు 9,000 తీసుకుంటూ 8,300కు రసీదు ఇస్తారు. ఫోన్‌పేలో 9,000 పడుతుంటే చేతి రసీదులో 8,300 ఉండడం కంటే బలహీనమైన కాగితం ఉండదు. ఆయనకు మీ పాన్ ఒక్కటే ఇస్తే మొత్తం కిరాయి మీ ఒక్కరిదే అన్నట్టు కనిపిస్తుంది. ముగ్గురి పేర్లు, పాన్‌లు, వాటాలతో ఒక చిన్న ఉత్తరం రాసి ఇవ్వండి. మీ ఏఐఎస్‌లో (డిపార్ట్‌మెంట్ పోర్టల్‌లో మీ ఆదాయ వివరాలు చూపే పట్టిక) తప్పుగా ఏదైనా కనిపిస్తే అక్కడే ఫీడ్‌బ్యాక్ పెట్టే వీలుంది.

టీడీఎస్ మీకు వర్తించదు. మామూలు వ్యక్తి కిరాయిదారు అయితే నెల కిరాయి 50,000 దాటితేనే 2 శాతం కోస్తాడు. మడిగెను బ్యాంకు ఏటీఎంకు ఇచ్చినవాళ్లు ఉంటే అక్కడ నెలకు 50,000 దాటినప్పుడు 10 శాతం. జీఎస్టీ కూడా మీకు వద్దు, ఏడాదికి 20 లక్షల దరిదాపుల్లో లేరు.

కౌలు వేరే సంగతి. సాగుకు ఇచ్చిన భూమి కౌలు వ్యవసాయ ఆదాయం, పన్ను లేదు. కానీ రిటర్నులో మినహాయింపు ఆదాయం కింద చూపాలి. మీ వాటా 8,000. 5,000 దాటిన వ్యవసాయ ఆదాయం ఉంటే ఐటీఆర్-1 వాడకూడదు, ఇది ఐటీఆర్-2కు ఇంకో కారణం. పన్ను రేటు లెక్కలో అది కలుస్తుంది కానీ మీ రిబేటును చెడగొట్టదు. అదే భూమిని సాగుకు కాకుండా ఇటుకల నిల్వకో, లారీలు నిలుపుకోవడానికో ఇస్తే కథ మారిపోతుంది: అది ఇతర ఆదాయం, 30 శాతం తగ్గింపు కూడా రాదు.

పాత ఏళ్ల గురించి మీరు భయపడుతూ అడిగారు. 12 లక్షల రిబేటు 2025-26 నుంచే. దానికి ముందు రెండేళ్లు కొత్త పద్ధతిలో 7 లక్షలే. కాబట్టి ఆ ఏళ్లలో మీ వాటా కిరాయి మీద కొంత పన్ను పడి ఉండవచ్చు. అప్‌డేటెడ్ రిటర్ను వేసి సరిచేసుకునే వీలుంది. అసెస్‌మెంట్ ఇయర్ ముగిసిన తర్వాత మొదటి ఏడాదిలో వేస్తే పన్ను, వడ్డీ మీద అదనంగా 25 శాతం, రెండో ఏడాదిలో 50, మూడో ఏడాదిలో 60, నాలుగో ఏడాదిలో 70. ఆలస్యం చేసినకొద్దీ పెరిగేది అదే. నోటీసు వచ్చాక తప్పుడు లెక్క అని తేలితే పెనాల్టీ ఆ పన్నుకు రెండింతల వరకు పోతుంది. పాత ఫారం-16లు (జీతం, కోసిన పన్ను చూపుతూ ఆఫీసు ఇచ్చే కాగితాలు) తెచ్చుకుని ముందు ఆ రెండేళ్ల లెక్క వేయించండి.

చివరిగా పుస్తకం. పోర్షన్‌కు ఒక పేజీ పెట్టి లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకోండి. మా ఇంట్లో ఒక వరుస ఇలా ఉంటుంది: "జూన్ 4, మే నెల కిరాయి, 6,500, చేతికి, సంతకం." తేదీ ఒకటి, ఏ నెలది అన్నది ఇంకొకటి, రెండూ కావాలి. మార్చి కిరాయి ఏప్రిల్ 5న ఇచ్చినా అది మార్చి ఉన్న ఏడాదిదే. అడ్వాన్సు తిరిగి ఇచ్చేదే కాబట్టి ఆదాయం కాదు, చివరి పేజీలో విడిగా రాయండి. కానీ ఖాళీ చేసేటప్పుడు "చివరి రెండు నెలలు అడ్వాన్సులో పట్టుకోండి" అంటారు కదా, ఆ రోజే ఆ రెండు నెలల కిరాయిని పేజీలో ఎక్కించండి. చేతికి ఏమీ రాలేదు కాబట్టి ఇది మర్చిపోవడం చాలా సులభం. మడిగె ఆయన నగదే ఇస్తానంటే ఇవ్వనివ్వండి, రసీదు రాసివ్వండి.

రిటర్నుకు గడువు జులై 31. అమ్మ, తమ్ముడి పాన్ నంబర్లు, ఇంటి పన్ను రసీదు, ఈ పుస్తకం దగ్గర పెట్టుకుని కూర్చుంటే గంటన్నరలో అయిపోతుంది. పోర్టల్‌లో మడిగెను చేర్చేచోట ఆగిపోతే ఏ గడి దగ్గర ఆగారో రాయండి, చెప్తాను.